మెటల్ డిటెక్టర్ కొనే ముందు ఒక్కసారి వినండి: కోనసీమ మట్టి, పాత నాణేలు, ఒక చిల్లుకానీ

గత కొన్ని నెలలుగా నాకు వస్తున్న మెసేజుల్లో ఒక ప్రశ్న మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది. "బ్రో, పాత నాణేలు వెతకడానికి మంచి మెటల్ డిటెక్టర్ ఏది?" అమలాపురం నుంచి అడిగారు, కొత్తపేట నుంచి అడిగారు, రాజోలు నుంచైతే ఒకతను ఏకంగా మూడు మోడళ్ళ ఫోటోలు పెట్టి "వీటిలో టిక్ పెట్టు చాలు" అన్నాడు.

టిక్ పెట్టడం తేలికే. కానీ నేను ఆల్రెడీ ఒకటి కొని, తోటంతా గోతులు తవ్వి, మా అమ్మమ్మ అడిగిన ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పలేక తెల్లమొహం వేసినవాణ్ని. కాబట్టి ఈరోజు మెషిన్ ఎలా ఎంచుకోవాలో చెప్తాను, దాంతోపాటు ఆ ప్రశ్న గురించి కూడా చెప్తాను. నిజానికి ఆ ప్రశ్నే అసలు విషయం.

కథ ఇలా మొదలైంది

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసిన కొత్తలో చేతిలో టైమ్ ఉంది, ఫైనల్ సెటిల్‌మెంట్ డబ్బులున్నాయి. రీల్స్‌లో ఇంగ్లండ్ వాళ్ళు పొలాల్లో డిటెక్టర్ తిప్పుతూ వెండి నాణేలు తీస్తుంటే చూసి, నేనూ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నా. అమ్మినాయన ఫోన్లో "పన్నెండు అడుగుల లోతు వరకు పట్టేస్తుంది సార్" అన్నాడు. నేను బీటెక్ చదివినవాణ్ని, ఫిజిక్స్ ఎంతో కొంత తెలిసినవాణ్ని. అయినా నమ్మేశా. ఆశ ముందు బీటెక్ ఎంతండి!

రాజోలు దగ్గర మా అమ్మమ్మ గారి ఊరు వెళ్ళి, వాళ్ళ కొబ్బరి తోటలో రెండు రోజులు తిప్పా. దొరికినవి: మేకులు, సోడా మూతలు, వలలకి కట్టే సీసం గుళ్ళు, విరిగిన తాళంకప్ప, ఒక ఇత్తడి బొత్తాం, ఇంకా ఒక చిల్లుకానీ. అన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో వేసుకుని గర్వంగా అమ్మమ్మ ముందు పెట్టా. ఆవిడ మిగతావి చూడనే లేదు. చిల్లుకానీ తీసి, చీర చెంగుతో తుడిచి, వెలుగులో పట్టుకుని చూసి అడిగింది: "ఇది ఎక్కడ దొరికిందిరా?"

నాకు గుర్తులేదు. ఆ సంగతికి చివర్లో మళ్ళీ వద్దాం. ముందు ఈ యంత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం.

బుల్లెట్ కోసం పుట్టిన యంత్రం

1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ మీద ఒకడు కాల్పులు జరిపాడు. ఒక బుల్లెట్ ఒంట్లో ఉండిపోయింది. ఎక్స్‌రేలు లేని కాలం. బుల్లెట్ ఎక్కడుందో తెలీదు. అప్పుడు టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ముందుకొచ్చాడు. తీగచుట్టలతో, టెలిఫోన్ రిసీవర్‌తో ఒక పరికరం తయారుచేశాడు. లోహం దగ్గరికి వెళ్తే చెవిలో శబ్దం మారుతుంది. బయట చేసిన పరీక్షల్లో చక్కగా పనిచేసింది. అధ్యక్షుడి మంచం దగ్గర మాత్రం ఫెయిలైంది.

కారణాలు రెండు. మంచం పరుపులో ఉక్కు స్ప్రింగులున్నాయి, వాటికి యంత్రం గందరగోళపడింది. రెండోది, డాక్టరు బుల్లెట్ కుడివైపే ఉందని పట్టుబట్టి అటువైపే వెతకనిచ్చాడు. సెప్టెంబర్ 19న గార్‌ఫీల్డ్ చనిపోయాక చూస్తే అది ఎడమవైపు ఉంది.

ఈ కథలో డిటెక్టర్ కొనేవాళ్ళకి కావలసిన పాఠం మొత్తం ఉంది. యంత్రం బాగానే ఉండొచ్చు. కానీ ఎక్కడ వెతుకుతున్నాం, దాని చుట్టూ ఏముంది అన్నదే ఫలితాన్ని తేలుస్తుంది.

1930ల్లో గెర్హార్డ్ ఫిషర్ అనే ఇంజనీర్, విమానాల రేడియో దిక్సూచీలు లోహపు ఖనిజాలున్న చోట తప్పు చూపిస్తున్నాయని గమనించి, ఆ తప్పునే ఉపయోగంగా మార్చి చేత్తో మోసే డిటెక్టర్ చేశాడు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే బగ్‌ని ఫీచర్ చేశాడన్నమాట. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ ఆఫీసర్ యూజెఫ్ కొసాట్‌స్కీ రూపొందించిన మైన్ డిటెక్టర్‌ని 1942లో ఎల్ అలమైన్ యుద్ధంలో వాడారు. యుద్ధం అయ్యాక సైన్యానికి అక్కర్లేని డిటెక్టర్లు మార్కెట్‌కి వచ్చాయి, వాటితోనే నాణేలు వెతికే సరదా పెరిగింది. అంటే ఒక ప్రాణం కాపాడటానికి పుట్టి, మందుపాతరలు ఏరడానికి ఎదిగి, చివరికి మన తోటలోకి వచ్చింది.

ఇది ఎలా పనిచేస్తుంది

సింపుల్‌గా చెప్తా. కింద గుండ్రంగా ఉండే భాగంలో తీగచుట్టలుంటాయి. ఒకటి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపిస్తుంది. అక్కడ లోహం ఉంటే దానిలో చిన్న విద్యుత్ సుడులు పుడతాయి. ఆ సుడులు మళ్ళీ తమ సొంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. రెండో తీగచుట్ట దాన్ని పట్టుకుంటుంది. వచ్చిన సిగ్నల్ ఎంత ఆలస్యంగా వచ్చిందన్నదాన్ని బట్టి ఇనుమా, రాగా, వెండా అని అంచనా వేసి తెర మీద ఒక నంబర్ చూపిస్తుంది.

గమనించండి, అది అంచనా మాత్రమే. పల్చటి బంగారం, అల్యూమినియం రేకు ఒకే రేంజ్‌లో పడొచ్చు. శాతవాహనులు సీసంతో కూడా నాణేలు వేశారు. మన మత్స్యకారుల వలల గుళ్ళు కూడా సీసమే. మెషిన్‌కి రెండూ ఒకటే. రెండు వేల ఏళ్ల నాటిదా, నిన్న వల చిరిగినప్పుడు జారిందా అన్నది ఏ తెరా చెప్పదు.

రకాలు ముఖ్యంగా మూడు. మొదటిది ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసేది, వీఎల్ఎఫ్ అంటారు. గారెట్ ఏస్ 300 ఇలాంటిదే, 8 కిలోహెర్ట్జ్. నోక్టా సింప్లెక్స్ ప్లస్ 12 కిలోహెర్ట్జ్. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇవి చాలు. రెండోది ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు వాడేది, మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ లాంటివి. మూడోది పల్స్ ఇండక్షన్. ఇది లోతుకి బాగా వెళ్తుంది కానీ ఇనుముకీ, మిగతా లోహాలకీ తేడా చెప్పడంలో వీక్. ప్రతి మేకుకీ తవ్వాల్సిందే.

కోనసీమలో ఏది పనిచేస్తుంది

ఇక్కడే రీల్స్ చూసి కొనేవాళ్ళు బోల్తా పడతారు. ఇంగ్లండ్ పొలం వేరు, మన అంతర్వేది వేరు.

సముద్రపు ఒడ్డు తీసుకోండి. మన తీరం ఇసుకలో నల్లటి చారలు చూసే ఉంటారు. అవి ఇల్మెనైట్, మాగ్నటైట్ లాంటి బరువైన ఖనిజాలు, గోదావరి పైనుంచి మోసుకొచ్చినవి. దానికి తోడు ఉప్పునీరు, అది కరెంటుని పంపిస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మెషిన్ తడి ఇసుకలో పెట్టారనుకోండి, అడుగడుక్కీ అరుస్తుంది. గార్‌ఫీల్డ్ మంచం స్ప్రింగుల లాగే. అక్కడ మల్టీ ఫ్రీక్వెన్సీ గానీ, పల్స్ గానీ అయితేనే పని.

తోటల్లో, ఇంటి పెరట్లో ఒకే ఫ్రీక్వెన్సీది సరిపోతుంది, గ్రౌండ్ బ్యాలెన్స్ మనం మార్చుకునే సౌకర్యం ఉంటే ఇంకా మంచిది. డబుల్ డీ కాయిల్ ఖనిజాలున్న నేలలో స్థిరంగా ఉంటుంది. మేకులు ఎక్కువున్న చోట చిన్న కాయిల్ బెటర్. గోతిలో లోహం సరిగ్గా ఎక్కడుందో చూపే పిన్‌పాయింటర్ ఉంటే గొయ్యి చిన్నదవుతుంది. నీళ్ళ దగ్గర తిరిగేవాళ్ళకి వాటర్‌ప్రూఫ్ ఉండాలి.

లోతు సంగతి. మామూలు నాణెం సైజు వస్తువుని ఈ మెషిన్లు జానెడు లోతు, మహా అయితే ఇంకాస్త కిందవరకు పడతాయి. పన్నెండు అడుగులు అనేవాడు మీకు మెషిన్ అమ్మడం లేదు, కల అమ్ముతున్నాడు. "వంద మీటర్ల దూరం నుంచే బంగారాన్ని చూపిస్తుంది" అంటూ రెండు కడ్డీలున్న లాంగ్ రేంజ్ లొకేటర్లు కూడా అమ్ముతారు. వాటి వెనక సైన్స్ లేదు. అవి కొనకండి.

కోనసీమకి ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఇది గోదావరి వరదలు తెచ్చి పోసిన ఒండ్రు నేల. వరద వచ్చిన ప్రతిసారీ పైన ఒక పొర. పాతది కిందికి పోతూ ఉంటుంది, మన జానెడు లోతు మెషిన్‌కి అందకుండా. రెండోది మెరక. మన దగ్గర ఇల్లు కట్టాలన్నా, తోట వేయాలన్నా పల్లంగా ఉంటే ముందు మెరక తోలిస్తారు కదా. ఆ మట్టి ఎక్కడిదో! చెరువు తవ్విన మట్టో, లంక మన్నో, ఏటి ఇసుకో. దానిలో నాణెం దొరికితే అది మీ ఊరి చరిత్ర కాదు, ట్రాక్టరెక్కి వచ్చిన చుట్టం.

ఇప్పుడు సీరియస్ మాట. తవ్వేటప్పుడు ప్రాణం కూడా చూసుకోండి. మన నేల కింద గ్యాస్ పైపులైన్లున్నాయి. 2014 జూన్ 27న నగరంలో పైప్‌లైన్ గ్యాస్ లీకై మంటలు లేచి 15 మందికి పైగా చనిపోయారు. మన ప్రాంతంలో ఆ రోజు ఎవరూ మర్చిపోలేదు. పైపులైన్ గుర్తు రాళ్ళు, బోర్డులు ఉన్న చోట గునపం దించే ఆలోచనే వద్దు. అలాగే ఏటిగట్టు మీద తవ్వకండి. 1986 వరదల్లో గట్లు తెగితే ఏమైందో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. మీరు తీసిన చిన్న గొయ్యి వరద నీటికి దారి కావచ్చు.

అసలు ఈ మట్టిలో ఏముంది

చాలానే ఉందండి. మామిడికుదురు మండలం ఆదుర్రు తెలుసు కదా, వైనతేయ ఒడ్డున. అక్కడున్న దిబ్బని ఊళ్ళోవాళ్ళు దుబరాజు గుడి అనేవాళ్ళు. 1953లో పురావస్తు శాఖ తవ్వితే అది బౌద్ధ మహాస్తూపం అని తేలింది, బండిచక్రం ఆకారంలో పునాదితో. ఇప్పుడు అది రక్షిత స్థలం. అంటే అమరావతి, ఘంటసాల వైపే కాదు, సముద్రానికి అంత దగ్గర్లో, మన కొబ్బరి చెట్ల మధ్య కూడా భిక్షువులు తిరిగారు.

ఇంకో వైపు బెండమూర్లంక. 1750ల్లో అక్కడ ఇంగ్లీషు కంపెనీ వర్తక స్థావరం ఉండేది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దాన్ని పట్టుకున్నాడు. గోదావరి అవతల పాలకొల్లులో డచ్చివాళ్ళు ఉండేవారు. నేతబట్టల కోసం మూడు దేశాల వాళ్ళు ఈ ఏటి పాయల్లో పోటీ పడ్డారు. ఆ వ్యాపారం చేతులు మారినప్పుడల్లా నాణేలు కూడా చేతులు మారాయి.

కానీ నాకు బాగా నచ్చిన కథ ధవళేశ్వరానిది. గోదావరి పాయలుగా విడిపోయేది ఆ ఊరి దగ్గరే, అంటే కోనసీమకి తల అక్కడుంది. ఆ ధవళేశ్వరంలో బంగారు నాణేల నిధి ఒకటి దొరికింది. దాని మీద టి. బాలకృష్ణన్ నాయర్ రాసిన పరిశీలన 1966లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం బులెటిన్‌గా అచ్చయింది. ఆ నిధిలో ప్రత్యేకత ఏంటంటే, తూర్పు చాళుక్యుల నాణేలు, చోళుల నాణేలు ఒకే చోట ఉన్నాయి.

ఉంటే ఏంటి అంటారా? రాజమహేంద్రవరం రాజు రాజరాజ నరేంద్రుడు, నన్నయ చేత భారతం మొదలుపెట్టించినాయన, ఆయన తల్లి కుందవ్వ తంజావూరు చోళ రాజరాజు కూతురు. భార్య అమ్మంగ రాజేంద్ర చోళుడి కూతురు. కొడుకు 1070లో కులోత్తుంగ చోళుడిగా చోళ సింహాసనం ఎక్కాడు. ఇవన్నీ పుస్తకంలో వంశవృక్షాలుగా చదువుతాం, పరీక్ష రాసి మర్చిపోతాం. కానీ ఒకే నిధిలో ఆ రెండు వంశాల బంగారం కలిసి కనిపించినప్పుడు, వియ్యంకుల మధ్య బంధుత్వం కోటలోనే ఆగిపోలేదని తెలుస్తుంది. ఇక్కడ ఎవరో ఒకరు రెండు రకాల డబ్బునీ నమ్మి, పక్కపక్కనే దాచుకున్నారు.

ఆ నాణేలే ఒక్కొక్కటిగా అమ్ముడైపోయి ఉంటే? అక్కడో చాళుక్య నాణెం, ఇక్కడో చోళ నాణెం. బరువుకి రేటు కట్టేవాళ్ళు. కలిసి దొరికాయన్న ఒక్క మాట పోయేది, దాంతో కథ మొత్తం పోయేది.

ఇంకోటి వినండి. శక్తివర్మ, రాజరాజ నరేంద్రుడు వేయించిన పల్చటి బంగారు నాణేలు, మధ్యలో వరాహం బొమ్మతో ఉంటాయి, అవి బర్మా అరకాన్ తీరంలో, సయాం వైపు కూడా దొరికాయి. మన రాజుల డబ్బు బంగాళాఖాతం దాటి వెళ్ళిందని చెప్పడానికి సాక్ష్యం అదే. ఆ నాణెం మీద బర్మా అని రాసి లేదు. అక్కడ దొరికింది కాబట్టి మనకి తెలిసింది. నాణెం మీద ఉన్నది సగం మాటే. మిగతా సగం అది పడున్న చోట ఉంటుంది.

చట్టం ఏమంటుంది

నేను లాయర్ని కాదు, కానీ ఇది తెలీకుండా డిటెక్టర్ ఆన్ చేయకండి. మన దేశంలో నిధుల చట్టం 1878లో వచ్చింది. బెల్ డిటెక్టర్ కంటే మూడేళ్ళు ముందు! దాని ప్రకారం నేలలో దాగి ఉన్న, పది రూపాయల కన్నా ఎక్కువ విలువైనది ఏది దొరికినా జిల్లా కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తేదీన. చూడండి, 1878లోనే చట్టం అడిగింది "ఎక్కడ" అని. దొరికింది ట్రెజరీలో అప్పజెప్పాలి, లేదా కలెక్టర్ అడిగినప్పుడు తెచ్చిస్తానని హామీ ఇవ్వాలి. చెప్పకుండా దాచేస్తే మీ వాటా పోతుంది, ఏడాది వరకు జైలు పడొచ్చు.

చాలామందికి తెలియని సంగతి, చెప్పినవాడికి ఈ చట్టంలో వాటా ఉంది. మూల చట్టం ప్రకారం వందేళ్ళకి ముందు దాచింది, సొంతదారు లేనిది అని తేలితే, స్థలం యజమానితో వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తీసుకోవాలనుకుంటే లోహం విలువకి అయిదో వంతు కలిపి చెల్లించాలి.

దాని మీద 1958 చట్టం ఒకటి. రక్షిత స్థలాల్లో తవ్వడం, పాడుచేయడం నేరం, రెండేళ్ళ వరకు జైలు. ఆదుర్రు దిబ్బ దగ్గర డిటెక్టర్‌తో రీల్ తీద్దామనుకునేవాళ్ళు ఇది ఇంకోసారి చదవండి. 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. విదేశాలకి పంపడం కుదరదు. "ఇన్‌స్టాలో బయ్యర్ ఉన్నాడు, దుబాయ్ పంపిస్తే లక్షలు" అనేవాడి మాట వింటే లక్షలు రావు, కేసు వస్తుంది.

మంచి ఉదాహరణ మనకి దగ్గర్లోనే ఉంది. 2022 నవంబర్ చివర్లో ఏలూరు జిల్లా కొయ్యలగూడెం మండలం ఏడువాడలపాలెంలో ఆయిల్ పామ్ తోటలో పైప్‌లైన్ కోసం తవ్వుతుంటే చిన్న మట్టి పిడతలో 18 బంగారు నాణేలు బయటపడ్డాయి. విషయం తహసీల్దార్ దాకా వెళ్ళింది, నాణేలు ప్రభుత్వం చేతికొచ్చాయి. అక్కడ ఏ డిటెక్టరూ లేదు. మామూలు తవ్వకం, మాట దాచని మనుషులు.

రెండో రకం ఉదాహరణ కూడా ఉంది. 2017 డిసెంబర్‌లో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో నిధి ఉందంటూ ప్రభుత్వ అనుమతితోనే తవ్వారు, యంత్రాలు పెట్టారు. ఎముకలు దొరికాయి, నిధి దొరకలేదు. తవ్విన కోటని మళ్ళీ తవ్వకముందు ఉన్నట్టు ఎవరూ చేయలేరు. ఇక రాత్రిపూట గుడి వెనక, నంది కింద తవ్వే గుప్తనిధుల బ్యాచ్‌ల గురించి పేపర్లో చూస్తూనే ఉంటాం. వాళ్ళ చేతుల్లోనూ ఇవే మెషిన్లు ఉంటాయి. మనం ఆ లిస్టులో చేరకూడదు.

తవ్వడం ఆపినవాడి కథ

డిటెక్టర్ పట్టినవాళ్ళందరిలో నాకు హీరో ఒకరున్నారు. ఇంగ్లండ్‌లో హాక్స్‌న్ అనే ఊళ్ళో 1992 నవంబర్‌లో ఒక రైతు పొలంలో సుత్తి పారేసుకున్నాడు. డిటెక్టర్ ఉన్న స్నేహితుడు ఎరిక్ లాస్‌ని పిలిచాడు. ఆయన సుత్తి కోసం వెతుకుతుంటే రోమన్ నాణేలు, వెండి చెంచాలు కనిపించాయి. కొన్ని తీశాక, ఇదేదో పెద్దదే అని అర్థమై ఆయన తవ్వడం ఆపేశాడు. అధికారులకి చెప్పాడు.

ఆపేయడం ఎంత కష్టమో డిటెక్టర్ తిప్పినవాళ్ళకే తెలుస్తుంది. చెవిలో సిగ్నల్ మోగుతూ ఉంటుంది, చెయ్యి ఆగదు. ఆయన ఆగాడు కాబట్టి పురావస్తు నిపుణులు వచ్చి మట్టి పొర పొరగా తీశారు. 14,865 నాణేలు. అవి ఒక చెక్కపెట్టెలో ఎలా సర్ది ఉన్నాయో కూడా తెలిసింది. చెక్క కుళ్ళిపోయినా ఆ అమరిక మట్టిలో మిగిలింది. రైతు సుత్తి కూడా దొరికింది, అది కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది!

అక్కడ అలా వెతకడానికి ఒక పద్ధతి ఉంది, దొరికింది నమోదు చేసే వ్యవస్థ ఉంది. మన దగ్గర వాళ్ళని చూసి మెషిన్ కొంటున్నాం, ఆ పద్ధతి మాత్రం కొనడం లేదు.

మళ్ళీ అమ్మమ్మ దగ్గరికి

ఆ చిల్లుకానీ మీద 1944 అని కనిపిస్తోంది. యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి 1943 నుంచి 1947 వరకు మధ్యలో చిల్లుతో వేసిన కానీలవి. రూపాయిలో అరవై నాలుగో వంతు. చిల్లుకానీకి కొరగాడు అని తిడతాం చూశారా, ఆ చిల్లుకానీ. మార్కెట్లో దానికి ఇప్పటికీ పెద్ద విలువ లేదు.

అమ్మమ్మ అంది: "నూతి దగ్గర దొరికితే ఇది పిల్లల మొలతాడుదిరా. మా ఇంట్లో చంటిపిల్లలందరికీ మొలతాడుకి చిల్లుకానీ కట్టేవాళ్ళు. నూతి పళ్ళెంలో నీళ్ళు పోసేటప్పుడు దారం తెగి పోయేవి. మా చిన్నతమ్ముడిది అలాగే పోయింది, వాడు ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తే. వీధి అరుగు దగ్గర దొరికితే బేరగాళ్ళకి ఇచ్చిన చిల్లర. సావిడి అవతల దొరికితే అసలు మనది కాదు, ఆ మెరక మీ తాతయ్య ఏటి అవతల నుంచి తోలించింది. ఇంతకీ ఎక్కడ దొరికింది?"

ఒకే నాణెం. మూడు చోట్లు, మూడు కథలు. ఒక దాంట్లో ఆవిడ తమ్ముడున్నాడు. ఆయన ఇప్పుడు లేరు. నేను నూతి దగ్గరా తిప్పాను, అరుగు దగ్గరా తిప్పాను, సావిడి అవతలా తిప్పాను. అన్నీ ఒకే డబ్బాలో వేసేశా. ఒక్క ఫోటో తీసి ఉంటే చాలు. ఫోన్ జేబులోనే ఉంది. గొయ్యి దగ్గర సెల్ఫీ తీసుకున్నా గానీ, ఏ గొయ్యిలో ఏది దొరికిందో రాయలేదు.

"గుర్తులేదు అమ్మమ్మా" అన్నా. ఆవిడ ఏమీ అనలేదు. కానీ చేతిలో పెట్టుకుని కాసేపు కూర్చుని, మళ్ళీ నా డబ్బాలోనే వేసేసింది. తనదో కాదో తెలీని దాన్ని దాచుకోలేదు.

అందుకే, బ్రో, మోడల్ ఏదని అడిగితే నా జవాబు ఇది. ఇంటి పెరట్లో నేర్చుకోవడానికి గ్రౌండ్ బ్యాలెన్స్ ఉన్న ఒకే ఫ్రీక్వెన్సీ మెషిన్ చాలు. తడి ఇసుకకి మల్టీ ఫ్రీక్వెన్సీ. లోతు గురించి గొప్పలు చెప్పేవాడి దగ్గర ఏదీ వద్దు. కానీ మెషిన్ కన్నా ముందు పది రూపాయల నోట్‌బుక్ ఒకటి కొనండి.

మీ సొంత స్థలంలో, లేదా యజమాని ఒప్పుకున్న స్థలంలోనే తిప్పండి. ఆ స్థలం మెరక చేసిందా అని ముందు పెద్దవాళ్ళని అడగండి. ఏది దొరికినా తీయకముందే ఫోటో. ఫోన్ మ్యాప్‌లో పిన్ పెట్టండి. జానెడు లోతా, బెత్తెడా, రాయండి. ఒక్కోదాన్నీ విడి కవర్లో వేసి నంబర్ పెట్టండి. రుద్ది కడగకండి, మెరుపు కోసం చింతపండు అసలే వద్దు. పెంకులు, పాత ఇటుకలు, ఒకటికి మించి నాణేలు కనిపిస్తే తవ్వడం అక్కడితో ఆపేయండి. గొయ్యి మీద గోనెపట్టా కప్పి, తహసీల్దార్‌కి చెప్పండి, కలెక్టర్‌కి రాయండి. మనకిప్పుడు కలెక్టర్ ఆఫీసు అమలాపురంలోనే ఉంది, కాకినాడ దాకా వెళ్ళక్కర్లేదు.

ఇంకొక్కటి. డిటెక్టర్ కొనేలోపు మీ ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళ దగ్గర ఒక సాయంత్రం కూర్చోండి. నుయ్యి ఎక్కడుండేది, పాత ఇల్లు ఎటు తిరిగి ఉండేది, మెరక ఎప్పుడు తోలించారు, ఇవన్నీ అడిగి రాసుకోండి. ఏ మెషిన్‌కీ అందని లోతు వాళ్ళకి తెలుసు. పైగా ఆ సిగ్నల్ ఎల్లకాలం ఉండదు.

నేను ఈసారి ఊరెళ్ళినప్పుడు మెషిన్ తీసుకెళ్ళలేదు, నోట్‌బుక్ తీసుకెళ్ళా. అమ్మమ్మ చెప్తుంటే పాత ఇంటి ప్లాన్ గీశా. నూతి స్థానం అయితే తేలింది. చిల్లుకానీ స్థానం ఇక తేలదు.

మీ ఇంట్లో పాత నాణెం ఉంటే, అది ఎవరిది, ఎక్కడిది అని ఈరోజే అడిగి ఒక కాగితం మీద రాసి దాంతోపాటు పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.